తొంభై రోజుల కోచింగ్

మా అమ్మాయికి చదవడం రాదని టీచర్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, కోపం. అప్పటికి పాపకి ఏడేళ్ళు, రెండో తరగతి. ఇంట్లో కథల పుస్తకం పట్టుకుంటే గడగడా చదివేసేది. రాక్షసుడికి ఒక గొంతు, ఎలుకకి ఒక గొంతు. అలాంటి పిల్లకి చదవడం రాదంటుందేమిటి, ఈవిడకే చెప్పడం చేతకావడం లేదేమో అనుకుంటూ, అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో, మా ఇంటికి మూడు సిగ్నళ్ళ అవతల ఉన్న స్కూలుకి ముటముటలాడుతూ వెళ్ళాను.

ఆవిడ నాతో వాదించలేదు. పాపని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మలు లేని ఒక కొత్త పుస్తకం ముందు పెట్టి, "మీ అమ్మకి ఒక పేజీ చదివి వినిపిస్తావా?" అంది. పాప పేజీ వంక చూసింది. టీచర్ మొహం చూసింది. తర్వాత ఒక కుక్కపిల్ల గురించి, అది దారి తప్పడం గురించి చక్కగా చెప్పుకుపోయింది. మంచి కథే. కానీ ఆ పేజీలో ఉన్నది వాన ఎలా కురుస్తుందన్న పాఠం. కుక్కపిల్ల ఎక్కడా లేదు.

పాపని మళ్ళీ క్లాసుకి పంపించాక టీచర్ నిదానంగా చెప్పుకొచ్చింది. ఈ దేశంలో అన్ని రాష్ట్రాలకీ వర్తించే ఒక ఫెడరల్ చట్టం ఉందట. పిల్లకి నేర్చుకోవడంలో ఇబ్బంది ఏదైనా ఉందేమోనన్న అనుమానం వస్తే, స్కూలే ఉచితంగా పరీక్ష చేయించి చూడాలి. ఉందని తేలితే ఆ పిల్లకి సరిపడే పద్ధతిలో, విడిగా ప్లాన్ రాసి మరీ చదువు చెప్పాలి. తల్లిదండ్రుల సంతకం లేకుండా పరీక్ష మొదలుపెట్టకూడదు. రాతపూర్వకంగా అడిగితే మా రాష్ట్రంలో తొంభై రోజుల్లోగా అంతా తేల్చాలి. ఇవన్నీ చెప్పి, తల్లిదండ్రుల హక్కులని అట్ట మీద రాసి ఉన్న ఒక పుస్తకం నా చేతిలో పెట్టింది. "తీరిగ్గా చదవండి. ఇది మీ కోసమే రాసింది" అంది.

ఆవిడ అంతసేపు మాట్లాడితే నా బుర్రకి ఎక్కినవి రెండే ముక్కలు. పరీక్ష ఉంది. తొంభై రోజుల టైముంది.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే చెప్పాను. మేమిద్దరం ఇక్కడే మాస్టర్స్ చేస్తున్నప్పుడు కలుసుకున్నాం. నాది గుంటూరు, తనది కరీంనగర్. పదిహేనేళ్ళైనా ఎవరి యాస వాళ్ళదే.

"సైన్ పెట్టినవా?" అన్నాడు.

"పెట్టకుండా ఎలా వస్తాను? టీచర్ ఎదురుగా కూర్చుని అడుగుతుంటే."

"స్పెషల్ ఎడ్యుకేషన్ అంటే రికార్డ్‌ల పడ్తది గదా. రేపు గ్రీన్‌కార్డ్‌కి ఏమన్న ప్రాబ్లం అయితే?"

ఆ మాటతో నాకూ గుండె జారింది. తర్వాత తనే, "ఇంతకూ టెస్ట్ ఎప్పుడంట?" అన్నాడు.

"నైంటీ డేస్ లోపు."

"నైంటీ డేసా?" అన్నాడు మా ఆయన. అంతసేపూ వాడిపోయి ఉన్న మొహం ఒక్కసారిగా వెలిగింది. నిజం చెప్పాలంటే నాకూ ప్రాణం లేచొచ్చింది.

మేం ఎక్కడి నుంచి వచ్చామో తెలిస్తే ఆ వెలుగు అర్థమవుతుంది. ఇద్దరం ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివినవాళ్ళం. తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం టెస్టు, సోమవారం నోటీసు బోర్డు మీద ర్యాంకులు. మాకు ఒక పరీక్ష, ఒక గడువు చెబితే చాలు, ఇక చుట్టూ ఉన్న ప్రపంచం కనబడదు. పరీక్షనేది ఏదైనా కనుక్కోవడానికి పెడతారన్న ఆలోచనే మాకు తట్టలేదు. మాకు తెలిసిన పరీక్షలన్నీ దాటడానికి పెట్టినవే. ఇదీ అంతే అనుకున్నాం. పాప దాటేస్తే రికార్డూ ఉండదు, గోలా ఉండదు.

మా సబ్‌డివిజన్‌లోనే, అంటే మా ఇళ్ళ కాలనీలోనే, ఒక అక్క ఉంది. సొంత అక్క కాదు, ఇక్కడ అలవాటైన అక్క. ఇద్దరు పిల్లలకీ దగ్గరుండి కోచింగ్ ఇచ్చి, తెలివైన పిల్లల కోసం స్కూళ్ళు నడిపే ప్రత్యేక క్లాసుల్లో సీట్లు తెప్పించిన మనిషి. సంగతి చెప్పగానే కారు ట్రంకులో పెద్ద అట్టపెట్టె వేసుకుని వచ్చేసింది. దాని నిండా వర్క్‌బుక్కులు, కార్డులు, స్టాప్‌వాచ్.

"భయపడకమ్మా. టెస్ట్ ఏదైనా దానికో ప్యాటర్న్ ఉంటుంది. ప్యాటర్న్ పట్టుకున్నావా, అయిపోయింది" అంది నా భుజం తట్టి.

టీచర్ ఇచ్చిన పుస్తకం వంటింటి సొరుగులోకి వెళ్ళింది. అక్క ఇచ్చిన పెట్టె డైనింగ్ టేబుల్ ఎక్కింది. ఫ్రిజ్ మీద టైమ్‌టేబుల్ అతికించాను. స్కూలు నుంచి రాగానే గంటన్నర, స్విమ్మింగ్‌కి వెళ్ళేటప్పుడు కార్లో ఇరవై నిమిషాలు, శని, ఆదివారాలు పొద్దున్నే మాక్ టెస్ట్. మా ఆయన స్టాప్‌వాచ్ పట్టుకునేవాడు, నేను కార్డులు తిప్పేదాన్ని.

ఇలాంటి పరీక్షల్లో అర్థం లేని మాటలు కూడా చదివిస్తారని అక్క ఎక్కడో కనుక్కుని వచ్చింది. పిల్లలు అక్షరాలు కూడబలుక్కోగలుగుతున్నారో లేదో చూడటానికట. ఇంకేం, అవీ కట్టలు కట్టలుగా రాశాను.

"అమ్మా, ఇది ఏం వర్డ్?" అని అడిగేది పాప.

"ఏ వర్డూ కాదు. ఊరికే."

"మరి ఎందుకు లెర్న్ చేస్తున్నా?"

"అడక్కు. చదువు."

అడగడం మానేసింది. నేను ఎన్నిసార్లు గొంతు పెంచినా ఎదురు చెప్పని పిల్ల అది. నాలాంటి నోరున్న తల్లికి అంత ఓర్పున్న కూతురు ఎలా పుట్టిందోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నెల తిరిగేసరికి కార్డు చూపించగానే టక్కున చెప్పేస్తోంది. మా సంబరం ఇంతా అంతా కాదు. ఒకరోజు ఒక కార్డు మీద సాంబారు మరక కనిపించి, పాడైపోయిందని దాన్ని పక్కన పడేసి అదే మాట కొత్త కార్డు మీద నీటుగా రాశాను. మర్నాడు ఆ కొత్త కార్డు చూపిస్తే పాప బిక్కమొహం వేసింది. ఎంత ఆగినా మాట రాలేదు. అనుమానమొచ్చి చెత్తబుట్టలోంచి పాత కార్డు తీసి చూపించాను. మరక చూడగానే మాట చెప్పేసి నవ్వింది.

మిగిలిన కార్డులన్నీ ముందేసుకుని చూశాను. ఒకదాని మూల మడత పడి ఉంది, ఒకదాని మీద పెన్ను గీత ఉంది, ఒకదాని అంచు చిరిగి ఉంది. పిల్ల చదవడం లేదు. ఒక్కో కార్డునీ మనిషి మొహంలా గుర్తుపెట్టుకుంటోంది.

ఆ క్షణాన నాకు అంతా తెలిసిపోయింది. తెలియలేదని ఎవరికైనా చెప్పుకోవచ్చు గానీ నాకు నేను చెప్పుకోలేను. తెలిసి ఏం చేశానంటే, ప్రతి మాటనీ ఐదేసి కార్డుల మీద, ఐదు రంగుల్లో, ఐదు రకాల చేతిరాతల్లో మళ్ళీ రాశాను. మరక గుర్తు కాకుండా మాట ఆకారమే గుర్తుండిపోయేదాకా తిప్పాను. పెద్ద తెలివైన పని చేశానని కూడా అనుకున్నాను.

జనవరిలో మీటింగుకి పిలిచారు. గుండ్రటి బల్ల చుట్టూ టీచరూ, స్కూల్ సైకాలజిస్టూ, ఇంకో ఇద్దరూ కూర్చున్నారు. మా ఆయన ఇంటర్వ్యూకి వచ్చినట్టు చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. పరీక్షలు చేసింది ఆ సైకాలజిస్టే. పడుచుపిల్ల, జాగ్రత్తగా మాట్లాడే మనిషి. పాప మార్కులు సగటుకి కింది అంచున ఉన్నాయనీ, కానీ సగటులోనే ఉన్నాయనీ, ఇంటి నుంచి వస్తున్న హోంవర్కు కూడా బాగానే ఉంది కాబట్టి ప్రస్తుతానికి చట్టం ప్రకారం ప్రత్యేక సాయానికి అర్హత రాలేదనీ చెప్పింది. టీచర్ ఒప్పుకోలేనట్టు తల పక్కకి తిప్పుకుంది.

"ఒక్క సంగతి నాకు అంతుబట్టలేదు. కష్టమైన మాటలు కొన్ని చూడగానే చెప్పేసింది. వాటికంటే తేలికైనవి కొన్ని అసలు తెలియలేదు. ఇంట్లో ప్రత్యేకంగా ఏమైనా చేయిస్తున్నారా?" అని అడిగింది సైకాలజిస్టు.

మా ఆయన నా వంక చూశాడు. "అందరు తల్లులూ చేయించేదే" అన్నాను. ఆ అమ్మాయి తల ఊపి కాగితం మీద ఏదో రాసుకుంది.

బయటికి రాగానే దోశలు తినడానికి వెళ్ళాం. సాయంత్రం అక్క మైసూర్‌పాక్ తెచ్చింది. "నేను చెప్పలా?" అంది. పాప మా అందరి మొహాలూ చూసి, విషయమేమిటో తెలియకపోయినా సంతోషంగా గంతులేసింది. అర్హత లేదన్న కాగితానికి మిఠాయి పంచుకున్న వాళ్ళు ఈ ఊళ్ళో మేం తప్ప ఇంకెవరైనా ఉంటారా అన్నది నాకు అనుమానమే.

మూడో తరగతిలో అంతా బయటపడింది. అక్కడ చదవడం నేర్పరు, చదివి నేర్చుకోమంటారు. వారానికో కొత్త పుస్తకం, రోజుకో కొత్త పాఠం. ఎన్ని కార్డులని రాయను? పాపకి పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. డాక్టర్ ఏమీ లేదన్నాడు. స్కూలు నుంచి వచ్చి మాట్లాడకుండా టీవీ ముందు కూర్చునేది. అంతకుముందు రాక్షసుడి గొంతుతో చదివే కథల పుస్తకాల జోలికే వెళ్ళడం మానేసింది.

అక్టోబరులో ఒక స్నేహితుల ఇంట్లో పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. పిల్లల కోసం వాళ్ళు ఆట ఒకటి పెట్టారు. ఇల్లంతా కార్డులు దాచారు. ఒక కార్డు దొరికితే దాని మీద రాసింది చదువుకుని ఇంకో కార్డు ఎక్కడుందో వెతుక్కోవాలి. కాసేపటికి పిల్లల గుంపులో పాప కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే మేడ మీద బాత్రూం తలుపు వేసి ఉంది. తలుపు తట్టి "నేనే, అమ్మని" అంటే తీసింది. టబ్బు అంచు మీద కూర్చుని ఉంది. చేతిలో ఒక కార్డు నలిగిపోయి ఉంది.

"ఏమైంది తల్లీ?"

"అమ్మా, ఈ కార్డ్స్ మనం ప్రాక్టీస్ చెయ్యలేదు" అంది.

పాప నా చెయ్యి పట్టుకుంది. "ఆంటీని అడుగు అమ్మా. నాకు ముందే ఇమ్మని. నేను హార్డ్‌గా వర్క్ చేస్తా. నేను అన్నీ లెర్న్ చేసి వస్తా, ప్రామిస్" అంది.

ఆ పిల్లని ఒళ్ళోకి తీసుకుని ఆ బాత్రూంలోనే ఏడ్చాను. పార్టీలో ఇచ్చే కార్డులు కూడా ముందుగా ఇంటికి తెచ్చుకుని బట్టీ పట్టాలని ఎనిమిదేళ్ళ పిల్ల అనుకుంటోందంటే, అది నేను నేర్పింది. లోకంలో ఉన్న మాటలన్నీ అమ్మ ముందుగా కార్డుల మీద రాసి ఇస్తేనే తనకి వస్తాయని నమ్ముతోంది. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ వేయలేదు.

ఆ ఆదివారం పొద్దున్న వంటింటి సొరుగులోంచి టీచర్ ఇచ్చిన పుస్తకం తీశాను. ఏడాది పైగా టేకవుట్ మెనూల కింద పడి ఉంది. లాయర్లు రాసిన ఇంగ్లీషు, ఒక్కో వాక్యం మూడేసి లైన్లు. అయినా కాఫీ చల్లారిపోయేదాకా చదివాను. అందులో ఒక చోట, స్కూలు చేసిన పరీక్షతో తల్లిదండ్రులు ఏకీభవించకపోతే బయటి నిపుణులతో మరో పరీక్ష చేయించమని అడగవచ్చని ఉంది. అడిగితే స్కూలే ఆ పరీక్ష చేయించాలి, లేదా తమ పరీక్షే సరైనదని విచారణలో నిరూపించుకోవాలి. వెనక అట్ట మీద, తల్లిదండ్రులకి ఉచితంగా సలహా చెప్పడానికి ప్రభుత్వ నిధులతో నడిచే ఒక కేంద్రం ఫోన్ నంబరు ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ అలాంటిది ఒకటి ఉంటుందట.

మర్నాడు లంచ్ టైములో ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు అద్దాలు బిగించుకుని ఫోన్ చేశాను. ఎత్తినావిడ పెద్దావిడ. తన కొడుక్కీ చిన్నప్పుడు ఇదే ఇబ్బందట, అతని కోసం ఈ చట్టం నేర్చుకుని ఇప్పుడు మిగతావాళ్ళకి చెబుతోందట. నేను మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. కార్డులు, స్టాప్‌వాచ్, ఐదు రంగులు, మైసూర్‌పాక్, ఏదీ దాచలేదు. అర్థం లేని మాటలు కూడా బట్టీ పట్టించామని చెప్పేసరికి ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. వెంటనే సారీ చెప్పింది.

"ఇన్నేళ్ళలో పరీక్షకి వెళ్ళనివ్వని తల్లిదండ్రుల్ని చూశాను. పరీక్షకి కోచింగ్ ఇచ్చిన వాళ్ళని మిమ్మల్నే చూస్తున్నాను" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా దేశంలో పరీక్షంటే అంతే మరి" అన్నాను.

"తప్పు పట్టడం లేదమ్మా. కానీ జ్వరం మాత్ర వేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయనకి జ్వరం ఎలా కనిపిస్తుంది? ముందు మాత్ర వేశామని చెప్పాలి కదా."

"అంటే మోసం చేశామని ఒప్పుకోమంటారా?"

"ఏం చేశారో చెప్పమంటున్నాను. దానికి ఏ పేరు పెట్టాలో వాళ్ళని అనుకోనివ్వండి. అది మీ గొడవ కాదు. పాప గొడవ చూడండి."

గ్రీన్‌కార్డు సంగతి కూడా అడిగేశాను. చట్టం ప్రకారం స్కూలు చెప్పే చదువుకీ దానికీ సంబంధం లేదనీ, ఇంకా భయంగా ఉంటే మా లాయర్నే అడగమనీ చెప్పింది. మా లాయరూ అదే మాట చెప్పాడు. ఏడాదిగా ఆ భయాన్ని మోశాం గానీ ఒక్క ఫోన్ చేసి ఎవరినీ అడగలేదు.

మా ఆయన మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు. "మనంతట మనం పోయి మేం గిట్ల చేసినం అని చెప్తమా? రేపటి నుంచి ఆ స్కూల్‌ల మన మొహం ఎట్ల చూపించాలె?" అన్నాడు.

"మన మొహం సంగతి తర్వాత. అది బాత్రూంలో దాక్కుంటోంది."

అటూ ఇటూ తిరిగి వచ్చి లాప్‌టాప్ తెరిచాడు. "సరే, లెటర్ నేను రాస్త" అన్నాడు. రాసి నాకు చూపించాడు. వాళ్ళ ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికితే రిపోర్టు ఎలా రాస్తారో అలాగే రాశాడు. ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు, రోజుకి ఎన్ని నిమిషాలు, ఏ వర్క్‌బుక్కు, ఏ మాటల లిస్టు, స్టాప్‌వాచ్ మీద ఎన్ని సెకన్లు, అన్నీ వరసగా ఉన్నాయి. అసలు తప్పు ఎక్కడ జరిగిందన్న చోట ఒక్క వాక్యం రాశాడు: తల్లిదండ్రులు దీన్ని పోటీ పరీక్ష అనుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఆ మనిషి మీద అంత ప్రేమ కలిగిన రోజు ఇంకొకటి లేదు.

స్కూలులో మళ్ళీ అదే గుండ్రటి బల్ల. సైకాలజిస్టు ఉత్తరం మొత్తం చదివేదాకా మేం తల దించుకుని కూర్చున్నాం. చీవాట్లు పెడుతుందని తయారై వెళ్ళాను. ఆ అమ్మాయి చదవడం పూర్తి చేసి, "ఆ కార్డులు ఉన్నాయా?" అంది. కార్లో ఉన్న అట్టపెట్టె మా ఆయన మోసుకొచ్చాడు. ఆ అమ్మాయి ఒక్కో కట్టా విప్పి, రంగురంగుల కార్డులు తిప్పి చూసింది.

"ఇవన్నీ గుర్తుపెట్టుకుందా? చదవకుండా?" అంది చివరికి.

"ఆ."

"ఏడేళ్ళ పిల్ల ఎంత కష్టపడి ఉంటుందో మీకు తెలుసా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. నాకు తెలుసు. పక్కనే కూర్చుని మరీ కష్టపెట్టింది నేనే.

స్కూలు విచారణ దాకా వెళ్ళలేదు. బయటి నిపుణురాలితో పరీక్ష చేయించడానికి ఒప్పుకుంది. షరతు ఒక్కటే, ఈసారి ఏమీ చేయించకూడదు. అట్టపెట్టె అక్కకి తిరిగి ఇచ్చేశాను. సంగతంతా విని అక్క చాలాసేపు పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. "మా చిన్నాడిని కూడా ఒకసారి చూపిద్దామా అమ్మా?" అంది.

ఫలితం ముందే చెప్పేస్తాను. ఈసారి మార్కులు బాగా కిందికి వచ్చాయి. అక్షరాలనీ శబ్దాలనీ కలపడంలో పాపకి పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఉందనీ, తెలివికి ఏ లోటూ లేదనీ తేలింది. అర్హత వచ్చింది. ఏడాదిలో ఏం నేర్పుతారో, వారానికి ఎన్నిసార్లు, ఎవరు, ఏ పద్ధతిలో నేర్పుతారో అన్నీ రాసి ఉన్న ప్లాన్ మీద సంతకం పెట్టాను. ఈసారి ప్రతి పేజీ చదివి పెట్టాను. ఇప్పుడు పాప మెల్లగా, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టుకుని చదువుతుంది. చదవడమంటే నిజంగా చదవడమే.

కానీ నాకు ఆ ఫలితం కంటే పరీక్ష జరిగిన రోజే ఎక్కువ గుర్తు. వసంతం మొదలైంది. పైన్ చెట్ల పుప్పొడి రాలి మా కారు పసుపు పూసినట్టుంది. ఆ నిపుణురాలి ఆఫీసు ముందు కారు ఆపి వెనక్కి తిరిగాను. పాప సీటు బెల్టు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, కార్డ్స్ తేలేదా?"

"లేదు నాన్నా. ఇవాళ కార్డ్స్ లేవు. నీకు వస్తే చెప్పు. రాకపోతే రాదని చెప్పు."

"గెస్ చెయ్యనా?"

"వద్దు. రాదని చెప్పు చాలు."

"అది రాంగ్ కదా?"

"కాదు. నీకు ఏది రాదో తెలిస్తేనే వాళ్ళు అది నేర్పిస్తారు. అందుకే పెడుతున్నారు టెస్ట్." ఆ మాట నాకే అప్పుడు కొత్తగా ఉంది.

"నువ్వు సాడ్ అవ్వవా?" అంది.

"అవ్వను" అన్నాను.

మూడు గంటలు బయట కూర్చున్నాను. తలుపు తీసుకుని పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం కళకళలాడిపోతోంది. "అమ్మా! నాకు చాలా రాలేదు! అన్నీ చెప్పేశా!" అని అరిచింది. వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవాళ్ళు తలలెత్తి చూశారు.

కార్లో కూర్చున్నాక, "ఆ ఆంటీ ఎంత నైసో తెలుసా? నేను రాదు అంటే థాంక్యూ అంటుంది. ప్రతిసారీ అంది" అని చెప్పింది.

"అవునా?"

"నువ్వు కూడా అంటావా?"

రోడ్డు మీదికి వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆగాం. పాప కిటికీలోంచి ఎదురుగా ఉన్న షాపు బోర్డు చూపించి, "అది నాకు రాదు" అంది.

"థాంక్యూ" అన్నాను.

ఆ పక్క బోర్డు చూపించింది. "అదీ రాదు."

"థాంక్యూ."

ఏళ్ళ తరబడి మేం రోజూ తిరిగే రోడ్డది. గ్రోసరీ షాపు, ఫార్మసీ, బ్యాంకు, లైబ్రరీ. పాపకి అవన్నీ తెలుసనే నేను అనుకుంటూ ఉన్నాను. ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపిస్తూ, హాయిగా నవ్వుతూ, రాదు, రాదు అంటూనే ఉంది. ఇల్లు వచ్చేదాకా ప్రతిదానికీ నేను థాంక్యూ చెబుతూనే ఉన్నాను.